రెండు చేతులూ కలిపి చూడండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా మనవరాలికి ఎనిమిదేళ్లు. సెరిబ్రల్ పాల్సీ, అంటే చిన్నప్పుడే మెదడు దెబ్బతినడం వల్ల కుడి చెయ్యీ కాలూ బిగుసుకుంటాయి. ఈ మధ్య వైకల్య సర్టిఫికెట్ కోసం ఒక శిబిరానికి తీసుకెళ్లాం. చెయ్యి ఎత్తమన్నారు, ఎత్తింది. పిడికిలి బిగించమన్నారు, బిగించింది. పట్టుమని మూడు నిమిషాలు చూడలేదు. 40 శాతం లోపే అని రాసి పంపేశారు.

అదే పిల్ల బడిలో మధ్యాహ్నం పెట్టే ఉడికిన గుడ్డు వలుచుకోలేదు. ఒకరోజు వెళ్లి నేనే చూశాను. పక్కన మా చిన్నమ్మాయి కొడుకు, అదే ఈడు వాడు, కబుర్లు చెబుతూనే ఎడమ చేత్తో గుడ్డు తిప్పుతూ కుడి చేత్తో పెంకు తీసేశాడు. ఇదేమో గుడ్డును ఒళ్లో ఇరికించుకుని ఎడమ చేతి గోటితో గీకుతోంది. కుడి చెయ్యి పక్కనే ఉంది, సాయానికి రాలేదు. అడిగితే కదిలే చెయ్యే అది!

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చెబితే తెలిసింది, స్వీడన్‌లో తయారైన ‘అసిస్టింగ్ హ్యాండ్ అసెస్‌మెంట్’ అనే పరీక్ష ఉందట. ఏడాదిన్నర నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు రెండు చేతులూ వాడితే గానీ ఆడలేని బొమ్మలిచ్చి, ఆట వీడియో తీసి, బలహీనమైన చెయ్యి రెండో దానికి ఎంత ఆసరా అవుతోందో మార్కులు వేస్తారు. దానికి శిక్షణ కావాలి, ప్రతి ఊళ్లో కుదరదు. కానీ మూత బిగించిన నీళ్ల సీసా, బొత్తాల చొక్కా ఏ శిబిరంలోనైనా పెట్టొచ్చు కదా? బొత్తాలు పెట్టుకోవడం, నాడా కట్టుకోవడం వైకల్యం లెక్కగట్టడానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉన్నాయి. అడిగే తీరికే లేదు.

మూడేళ్ల పిల్లకు బొత్తాం పెట్టుకోవడం రాకపోతే అది జబ్బు కాదు. ఏ ఈడుకు ఏది వస్తుందో తెలియాలంటే ఏ ఇబ్బందీ లేని పిల్లల చేత కూడా అదే పని చేయించి చూడాలి. అంగన్‌వాడీల్లో, ఇలాంటి పిల్లల కోసం నడిపే భవిత కేంద్రాల్లో ఇది మొదలుపెట్టాలని అధికారులను వేడుకుంటున్నాను.

మేమూ ఆలస్యం చేశాం. ఎనిమిదో నెలలోనే అన్నీ ఎడమ చేత్తోనే అందుకుంటుంటే, పుర్రచేతి వాటం, తాత పోలిక అని మురిసిపోయాం. ఏడాది లోపు పిల్లలు మామూలుగా రెండు చేతులూ వాడతారనీ, ఒక్క చేత్తోనే అందుకుంటుంటే డాక్టరుకు చూపించాలనీ మాకు చెప్పినవాళ్లు లేరు. పైగా మనం అన్నం ఒంటి చేత్తోనే తింటాం, రెండో చెయ్యి సంగతి ఎవరికి పడుతుంది? కొంచెం పెద్దయ్యాక కుడి చేత్తో తినమని కసిరాం. గోడవైపు తిరిగి తినడం అలవాటు చేసుకుంది పిచ్చితల్లి. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె తరుక్కుపోతుంది.

వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాం. ఈసారి డబ్బాలో ఒక ఉడికిన గుడ్డు పెట్టుకెళ్తాను. డాక్టరు గారు దాన్ని వలవమని ఒక్కసారి అడిగి, అది వలిచేదాకా చూస్తే చాలు.

– ఓ అమ్మమ్మ, కావలి, నెల్లూరు జిల్లా