మెదక్ దారిలో బాత్‌రూమ్ తాళాలు తీయించండి

సంపాదకులకు నమస్కారం.

ఈసారి క్రిస్మస్ గురువారం వచ్చింది. తెలంగాణలో 26న కూడా సెలవే కాబట్టి, చాలామందికి శని, ఆదివారాలు కలుపుకొని వరసగా నాలుగు రోజులు దొరికాయి. ఇలాంటి సెలవులకే ఊళ్ళ నుంచి అత్తమామలో, అమ్మానాన్నలో హైదరాబాద్ వస్తారు. వచ్చినవాళ్ళను ఇంట్లో కూర్చోబెట్టలేం కదా, ఎక్కడికో ఒక చోటికి తీసుకెళ్ళాలనిపిస్తుంది. క్రిస్మస్ అనగానే ముందు గుర్తొచ్చేది మెదక్ చర్చి. అక్కడి జనం గురించీ బందోబస్తు గురించీ ఏటా పత్రికల్లో చదువుతూనే ఉంటాం. డెబ్బై దాటినవాళ్ళు ఆ ప్రయాణం ఎలా చేస్తున్నారో మాత్రం ఎవరూ రాయరు. ఈ ఉత్తరం దాని గురించే.

మా అత్తయ్యగారు, మావయ్యగారు గుంటూరు నుంచి వచ్చారు. వాళ్ళది లూథరన్ కుటుంబం. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ తమ సంఘం చరిత్ర మావయ్యగారికి నోటికి వచ్చు. మెదక్ చర్చి వేరే సంఘమైన సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళది, అయినా ఆయనకు ఆ చర్చి అంటే ప్రత్యేకమైన గౌరవం. కరువు రోజుల్లో పని లేక పస్తులున్న జనానికి పని చూపించి, తిండి పెట్టి, ఇంగ్లీషు మిషనరీ పోస్నెట్ దొర దాన్ని కట్టించారనీ, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిందనీ మా పిల్లలకు ఆయనే చెప్పారు. నిరుడు వందేళ్ళ పండగ అప్పుడే చూడాలనుకున్నారు, కుదరలేదు. అందుకని ఈసారి శుక్రవారం బయల్దేరాం.

సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సులున్నాయి. తెలంగాణ ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకంలో నాకు జీరో టికెట్ ఇస్తారు, అత్తయ్యగారి ఆధార్ ఆంధ్రప్రదేశ్‌ది కాబట్టి ఆమెకు టికెట్ తీయాలి. అదేం పెద్ద విషయం కాదు. పండగ రద్దీలో ఆమెకు సీటు దొరుకుతుందా అన్నదే మా టెన్షన్. అందుకే కారు మాట్లాడుకున్నాం.

పొద్దున బయల్దేరేముందు చూస్తే అత్తయ్యగారు బీపీ మాత్ర వేసుకోలేదు. అడిగితే, "అది వేసుకుంటే మాటిమాటికీ వెళ్ళాల్సి వస్తుందమ్మా, సాయంత్రం వచ్చాక వేసుకుంటాలే" అన్నారు. కాఫీ కూడా ముట్టలేదు. ప్రయాణమంటే ఎప్పుడూ ఇంతేనట. ఆ తర్వాత మా అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్ళను కదిపితే చాలామంది ఆడవాళ్ళు ఇదే మాట చెప్పారు. దారిలో బాత్‌రూమ్ దొరకదని నీళ్ళు మానేస్తారు, మందులు మానేస్తారు. ఇది చిన్న విషయమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. షుగరు, బీపీ ఉన్న మనిషి ఒక పూట మందు మానేసి ఎండలో తిరగడం ప్రమాదం.

ఆమె భయపడినట్టే అయింది. సగం దారిలో ఒక పెట్రోల్ బంకు దగ్గర కారు ఆపాం. బాత్‌రూమ్‌కి తాళం వేసి ఉంది. అక్కడున్న కుర్రాడు "స్టాఫ్‌కి మాత్రమే" అన్నాడు. పెట్రోలు పోయించుకునేవాళ్ళకే కాదు, దారిన పోయేవాళ్ళకు కూడా శుభ్రమైన టాయిలెట్, తాగునీరు, టైర్లకు ఉచితంగా గాలి ఇవ్వాలని ఆయిల్ కంపెనీల నిబంధనలే ఉన్నాయి. మా వారు ఫిర్యాదు పుస్తకం అడిగారు. అప్పుడు తాళం చెవి బయటికొచ్చింది. లోపల బకెట్ లేదు, కుళాయిలో నీళ్ళు లేవు. మేం ఇచ్చిన వాటర్ బాటిల్ పట్టుకొని ఆమె లోపలికి వెళ్ళారు. పెళ్ళయి ఇన్నేళ్ళలో నా ముందు ఆమె అంత సిగ్గుపడటం నేను చూడలేదు.

మెదక్‌లో అంత జనం ఉన్నప్పుడు కార్లు దూరంగా ఆపించక తప్పదు. అందుకు పోలీసులను తప్పుపట్టను. కానీ మోకాళ్ళ నొప్పులతో అత్తయ్యగారు సగం దూరం వచ్చి, ఒక టీ కొట్టు దగ్గర బల్ల మీద కూలబడ్డారు. "మీరు వెళ్ళి రండి, నేను ఇక్కడే ఉంటాను" అన్నారు. ఆ చర్చి లోపల రంగు గాజు కిటికీలు మూడున్నాయి. క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం వాటి మీద కనిపిస్తాయి. బయట ఎండ ఉన్నంతసేపే ఆ బొమ్మలకు వెలుగు, పొద్దుగూకితే అద్దాలు నల్లబడిపోతాయి. కాబట్టి జనం తగ్గాక చీకటిపడ్డాక వెళ్దాంలే అనుకోవడానికి లేదు. ఐదు వేలమంది పట్టే చర్చిలో ఆ ఒక్క మనిషికి చోటు ఉంది. అక్కడికి చేర్చే బండే లేదు.

మర్నాడు సికింద్రాబాద్‌లో సెయింట్ మేరీస్ చర్చికి మెట్రోలో వెళ్ళాం. స్టేషన్లలో లిఫ్టులుండటంతో మెట్లు ఎక్కే పని పడలేదు, పెద్దగా అలసట లేకుండా తిరిగొచ్చారు. అదే మనిషి, అవే మోకాళ్ళు.

ఓటు వేసే రోజు పోలింగ్ బూత్‌లో వీల్‌చెయిర్ పెడుతున్నారు. తిరుమలలో 65 దాటినవాళ్ళకు వేరే దర్శనం ఉంది. మేడారం జాతరకు ఆర్టీసీ వేల బస్సులు నడుపుతుంది. కాబట్టి చేతకాక ఆగిన పని కాదిది. మెదక్ కలెక్టరు గారు, చర్చి పెద్దలు, ఆర్టీసీ అధికారులు ఒక్కసారి కూర్చుంటే చాలు. కార్లు ఆపే చోటు నుంచి గేటు దాకా పెద్దవాళ్ళ కోసం రెండు మినీ బస్సులో, బ్యాటరీ బండ్లో తిప్పాలి. గేటు దగ్గర వీల్‌చెయిర్లు ఉంచాలి. మధ్యాహ్నం, ఎండ ఉన్నప్పుడే, ఒక గంట ముసలివాళ్ళకూ వికలాంగులకూ కేటాయించాలి. 2022 నుంచి మెదక్‌కు రైలు కూడా ఉంది. పండగ రోజుల్లో కాచిగూడ నుంచి అదనంగా ఒకటి నడిపితే రోడ్డు మీద రద్దీ తగ్గుతుంది, బాత్‌రూమ్ బెంగా ఉండదు.

అన్నిటికంటే ముందు జరగాల్సింది బంకుల తనిఖీ. దానికి కొత్త జీవో అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. జనవరి 1న చర్చికి మళ్ళీ జనం వస్తారు, ఆ తర్వాత గుడ్‌ఫ్రైడే, ఈస్టర్ ఉన్నాయి. ఈలోగా ఆయిల్ కంపెనీల అధికారులు హైదరాబాద్–మెదక్ దారిలో ప్రతి బంకు దగ్గరా ఆగి, టాయిలెట్ తలుపు తెరిచి, కుళాయి తిప్పి చూడాలని కోరుతున్నాను. తాళం వేసి ఉన్నచోట ఏం చర్య తీసుకున్నారో మీ పత్రిక ద్వారా మాకు తెలియజేయాలి.

– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి