లీజు అప్పును విడిగా చూపండి

సంపాదకులకు,

కొత్తగా ఏ బ్యాంకు గడపా తొక్కని కంపెనీకి కూడా లెక్కల్లో అప్పు పెరిగినట్టు కనిపించవచ్చు. 2019 జనవరి 1 నుంచి అమలైన ఐఎఫ్‌ఆర్‌ఎస్ 16 అనే అంతర్జాతీయ లెక్కల ప్రమాణం ప్రకారం, లీజుకు తీసుకున్న దుకాణాలు, విమానాల మీద ఇకముందు కట్టాల్సిన అద్దెను నేటి విలువకు లెక్కగట్టి బ్యాలెన్స్ షీట్‌లో అప్పుగా చూపాలి.

ఏడాదికి 10 లక్షల చొప్పున అయిదేళ్లు, ప్రతి ఏడాది చివర కట్టే ఒప్పందం అనుకుందాం. 10 శాతం వడ్డీ రేటు వాడితే అప్పు 37.91 లక్షలు, 12 శాతమైతే 36.05 లక్షలు. అదే ఒప్పందం, అదే అద్దె! లెక్కలకు జతచేసే వివరణల్లో (నోట్స్‌లో) ఆ రేటు చూడకుండా రెండు కంపెనీలను పోల్చడం తప్పు.

10 శాతం లెక్కనే తీసుకుంటే, అద్దె ఖర్చు స్థానంలో మొదటి ఏడాది తరుగుదల (37.91 లక్షలను అయిదేళ్లకు సమానంగా పంచితే) 7.58 లక్షలు, లీజు అప్పు మీద వడ్డీ 3.79 లక్షలు వస్తాయి. భారం 11.37 లక్షలు. చివరి ఏడాదికి అది 8.49 లక్షలకు దిగుతుంది. ఎబిటా (వడ్డీ, పన్ను, తరుగుదల తీసేయకముందు లాభం) మాత్రం, అందులో అద్దె ఇక తగ్గదు కాబట్టి, ఏటా 10 లక్షలు ఎక్కువగా కనిపిస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. లీజు అప్పును వదిలేసి, మిగతా అప్పును పెరిగిన ఎబిటాతో భాగిస్తే అప్పుల భారం అసలుకన్నా తేలిగ్గా కనబడుతుంది. లీజు అప్పు, ఎబిటాలో ఆ పెరుగుదల రెండూ కలపాలి, లేదా రెండూ తీసేయాలి.

అమ్మకాల్లో శాతంగా కట్టే అద్దె ఈ అప్పులోకి రాదు.

మీ వాణిజ్య పేజీలో ఫలితాలు వేసేటప్పుడు లీజు అప్పు, బ్యాంకు అప్పు వేర్వేరు వరుసల్లో ఇవ్వాలని కోరుతున్నాం.