ఎందుకు తీసేశారో కూడా అచ్చు వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అద్భుత కథల పోటీ ప్రకటన చూశాను. మీరు ఎంపిక చేసిన కథల్లో మొదటి బహుమతి ఎవరిదో పాఠకుల ఫోన్ ఓట్లే తేలుస్తాయన్నారు. పోటీ పెట్టినందుకు ఎంతో సంతోషం. ఓట్ల పద్ధతి గురించి మాత్రం ఒక మాట చెప్పాలి.

నేను గుణుపురం పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. 1994లో మా ఆవిడ ఒక కథ రాసి ఒక సాహిత్య సంస్థ పోటీకి పంపింది. వంశధారకి వరదొచ్చిన రాత్రుల్లో మాత్రమే అవతలి గట్టున కనబడే ఊరి కథ అది. తిరుగు టపాకి స్టాంపులు నేనే అంటించాను. మూడు నెలలకి ఆ కవరు నా సార్టింగ్ బల్ల మీదికే వచ్చింది, దాని మీద తేదీ ముద్ర కొట్టిందీ నేనే. లోపల కథ మొదటి పేజీ మూలన నీలం పెన్సిల్‌తో రెండే మాటలు: ‘అర్హత లేదు’. బాగోలేదని రాసి ఉంటే ఆవిడ ఇంకోటి రాసేది, పట్టుదల మనిషి. అర్హత ఎందుకు లేదు? మా చిరునామా ఒడిశాలో ఉన్నందుకా? కథలో ముసలమ్మ నాలుగు సవర మాటలు మాట్లాడినందుకా? రెండు కార్డులు రాశాం, జవాబు లేదు. ఆవిడ మళ్ళీ కలం పట్టలేదు. నాలుగేళ్ళయింది పోయి. ఆ కవరు నా దగ్గరే ఉంది.

విశాఖలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయికి ఇంగ్లీషు అద్భుత నవలలంటే ప్రాణం. 2024 జనవరిలో ఫోన్‌లో ఒక పట్టిక తెరిచి ‘నాన్నా, ఇది చూడు’ అంది. సైన్స్ ఫిక్షన్, అద్భుత రచనలకి ఏటా ఇచ్చే హ్యూగో అవార్డులని 2023లో చైనాలోని చెంగ్డూలో ఇచ్చారు, వాటి లెక్కలవి. ఆర్.ఎఫ్. క్వాంగ్ రాసిన ‘బేబెల్’ నవలకి నామినేషన్లు దండిగా వచ్చాయి. అయినా తుది జాబితాలో లేదు. పక్కన ‘అర్హత లేదు’ అని ఉంది, కారణం లేదు. అదే నవలకి ఆ ఏడాదే సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘం సభ్యులు ఓట్లేసి నెబ్యులా అవార్డు ఇచ్చారు. ఆ ‘అర్హత లేదు’ చదవగానే నా కళ్ళ ముందు మెదిలింది నీలం పెన్సిలే.

కానీ ఒక తేడా ఉంది. అక్కడ అవార్డులిచ్చాక మూడు నెలల్లోపు నామినేషన్ల లెక్కా ఓట్ల లెక్కా బయటపెట్టాలని నియమం. ఆ లెక్క బయటికి రాబట్టే తప్పు పట్టుబడింది. మా కార్డులకి అలాంటి నియమం అండగా లేదు.

హ్యూగోకి ఓటేసేది ఆ ఏటి సైన్స్ ఫిక్షన్ అభిమానుల ప్రపంచ సమావేశానికి రుసుము కట్టిన సభ్యులు. 1953 నుంచీ ఇస్తున్నారు. తుది ఓటు మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలాగే ప్రాధాన్య ఓటు. తుది జాబితాలోని ఆరు రచనలకి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయాలి. తక్కువ ఓట్లొచ్చిన దాన్ని తీసేసి, దానికి పడిన ఓట్లను ఆ బ్యాలెట్లలోని తర్వాతి అంకెకి మారుస్తారు. నాకు బాగా నచ్చింది ఇంకోటి: బ్యాలెట్‌లో ‘ఎవరికీ వద్దు’ అనే వరస కూడా ఉంటుంది, దానికీ అంకె వేయవచ్చు. మన నోటాకి ఎన్ని పడ్డా అభ్యర్థి గెలుస్తాడు. అక్కడ ఆ వరస నెగ్గితే బహుమతే ఉండదు. 2015లో కొందరు జట్టుకట్టి ఒకే జాబితాకి నామినేషన్లు గుద్దేశారు. తుది ఓటులో సభ్యులు ఐదు విభాగాల్లో ఎవరికీ ఇవ్వలేదు.

తర్వాత నామినేషన్ల లెక్క కూడా మార్చారు. మా అమ్మాయి అర్థమయ్యేలా చెప్పింది. ఒక్కో విభాగంలో ఒక్కొక్కరి చేతిలో ఒక రూపాయి ఉందనుకోండి. నామినేషన్‌లో ఐదు పుస్తకాల పేర్లు రాస్తే తలా ఇరవై పైసలు. అందులో ఒకటి పోటీ నుంచి పడిపోతే మిగతా నాలుగింటికీ పావలా చొప్పున అవుతుంది. జట్టుగా ఒకే ఐదింటిని రాసిన వాళ్ళ రూపాయి ఐదు ముక్కలైపోతుంది, కనుక జాబితా మొత్తాన్ని వాళ్ళే ఆక్రమించడం కష్టం.

ఈ తుది ఓటు పద్ధతిలో లోపం లేదనను. అందరికీ రెండోదిగా నచ్చిన కథ, మొదటి అంకెలు లేక తొలి విడతలోనే పడిపోతుంది. వరల్డ్ ఫాంటసీ అవార్డుది వేరే దారి. 1975 నుంచీ ఇస్తున్న ఆ అవార్డుకి ఏటా కొత్తగా న్యాయనిర్ణేతల బృందం ఉంటుంది. ఆ అవార్డు సమావేశపు సభ్యుల ఓట్లతో రెండు పేర్లు జాబితాలో చేరతాయి, మిగతావి బృందం చేర్చి విజేతనీ అదే తేలుస్తుంది. మీ పోటీకి నాకు ఇదే సరైనదనిపిస్తోంది. ఉత్త ఫోన్ ఓటయితే బంధువులెక్కువున్న కథ గెలుస్తుంది. గుణుపురంలోనో పర్లాకిమిడిలోనో కూర్చుని రాసే పిల్లకి వాట్సాప్ గ్రూపుల్లో ఎంతమంది ఉంటారు? చుట్టూ ఒడియా బడులే. తెలుగు చదవగలిగే స్నేహితులు పదిమంది దొరకడమే గగనం.

ఓట్లే కావాలనుకుంటే, దొంగ ఓట్లని తీసేయండి, తీసేసినట్టు చెప్పండి. 2024లో గ్లాస్గోలో ఇచ్చిన హ్యూగో అవార్డులకి పడిన 3,813 ఓట్లలో 377 చెల్లవని తేల్చారు. ఫలితాల కంటే ముందే ఆ అంకె, ఎందుకు అనుమానించారన్నదీ ప్రకటించారు. ఆ ఓట్లు పడిన వారి పేరు చెప్పలేదు, ఆ మనిషికి ఇందులో చేయి ఉందనడానికి ఆధారం లేదని కూడా అన్నారు. అంత మర్యాదగా చేయవచ్చు ఈ పని.

పోటీ నుంచి తీసేసిన ప్రతి కథకీ ఒక్క వాక్యం కారణం రాసి రచయితకి పంపండి. నిడివి మించిందనో, ముందే అచ్చయిందనో, ఏదో ఒకటి. పోస్టుకార్డు చాలు. ఫలితాల రోజున ఏ కథకి ఎన్ని ఓట్లు, ఎన్ని చెల్లలేదు అన్నది ఒక మూలన వేయండి.

ఇంకొకటి. ఓటు గడువు ఆదివారం సాయంత్రం ఆరు గంటలకే అన్నారు. మీ పేపరు మా ఊరికి మధ్యాహ్నం బస్సులో వస్తుంది. కథలన్నీ చదివి ఓటేయాలంటే మాకు బుధవారం దాకా కావాలి.

ఇట్లు
విశ్రాంత తపాలా ఉద్యోగి,
గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా