తీగను చేత్తో లాగి చూడమ్మా

విశాఖపట్నం

చిరంజీవి పావనికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నీ క్షేమ సమాచారం కోసం ఎదురుచూస్తున్నాం. నేను చెబుతుంటే తమ్ముడు టైపు చేస్తున్నాడు. కంపెనీ ద్వారా వచ్చే మెయిల్‌లో ఇది నీకు అందుతుందని అనుకుంటున్నాను.

ప్రత్యేకించి రాయవలసిన సంగతులేమీ లేవు. చలి మొదలైంది, అమ్మ మోకాళ్ళ నొప్పి మళ్ళీ తిరగబెట్టింది. అయినా మార్గశిర గురువారం కదా అని మొన్న తెల్లవారుజామునే బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్ళి వచ్చింది. అక్కడ క్యూలో రాజ్యలక్ష్మి గారు కనిపించారట. వాళ్ళ అబ్బాయి మీ ఓడలోనే థర్డ్ ఇంజనీరు కదా, పనామా దాటిన తరువాత ఒక రాత్రి మీ ఓడకు మొత్తం కరెంటు పోయిందని ఆవిడ మాటల మధ్యలో అన్నారట. నువ్వు ఫోన్ చేసి చాలా రోజులైంది, అప్పుడు కూడా ఆ సంగతి ఎత్తలేదు. పనుల ఒత్తిడిలో మరచి ఉంటావని అమ్మకు చెప్పాను.

ఇక ఆదివారం సాయంత్రాలు బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఎదుట మా పాతవాళ్ళం కూర్చున్నప్పుడు ఒకటే చర్చ, అమెరికాలోని బాల్టిమోర్ రేవులో జరిగిన వంతెన ప్రమాదం. 2024 మార్చి 26న అర్ధరాత్రి దాటాక కొలంబోకు బయలుదేరిన డాలీ ఓడ ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభాన్ని కొట్టినప్పుడే మేము వాదించుకోవడం మొదలుపెట్టాం. 2025 నవంబరులో అమెరికా రవాణా భద్రతా మండలి కారణం తేల్చి చెప్పిన తరువాత ఆ వాదన మళ్ళీ రాజుకుంది.

కెప్టెన్ గారి మాట ఎప్పుడూ టగ్గుల మీదే, అంటే పెద్ద ఓడలను లాగే, నెట్టే చిన్న ఓడల మీదే. జెట్టీ నుంచి ఓడను విడదీసిన తరువాత టగ్గులు వెనక్కి వెళ్ళిపోవడం అక్కడి వాడుకే కావచ్చు గాని, 300 మీటర్ల ఓడ అంత పెద్ద వంతెన కింద నుంచి పోతున్నప్పుడు, దాటేవరకైనా ఒక టగ్గును వెంట ఉంచుకోవలసిందని ఆయన గట్టిగా అంటారు. ఉద్యోగమంతా ఈ రేవులోనే ఓడలకు దారి చూపే పైలట్‌గా చేసిన దొర బాబాయి మాత్రం ఆ రాత్రి పైలట్లను వేలెత్తి చూపితే ఒప్పుకోడు. 1 గంట 25 నిమిషాలకు దీపాలు ఆరిపోయాయి, 1 గంట 29 నిమిషాలకు ఓడ వంతెనను తాకింది. ఆ నాలుగు నిమిషాల్లోనే వాళ్ళు టగ్గులను పిలిచి, ఎడమ లంగరు వేయించి, వంతెన మీద రాకపోకలు ఆపమని కబురు పంపారు. పోలీసులు రెండు వైపులా వాహనాలను ఆపగలిగారు. కాని రోడ్డు గుంతలు పూడుస్తున్న ఎనిమిది మందికి ఆ కబురు చేరేలోపే వంతెన కూలిపోయింది. వాళ్ళలో ఆరుగురు చనిపోయారు. మెక్సికో, గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడోర్ దేశాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి మా అందరి వాదనలూ ఆగిపోతాయి.

సత్యం మావయ్య తప్పంతా వంతెన వాళ్ళదే అంటాడు. 1977లో కట్టిన ఆ వంతెనను 1980లోనే బ్లూ నగోయా అనే ఓడ ఇలాగే అదుపు తప్పి కొట్టింది. అది చిన్న ఓడ గనుక స్తంభం నిలిచింది. అదే ఏడాది ఫ్లోరిడాలో సన్‌షైన్ స్కైవే వంతెనను సమ్మిట్ వెంచర్ ఓడ కొట్టి 35 మంది పోతే, తరువాత కట్టిన కొత్త వంతెనకు చుట్టూ బలమైన రక్షణ దిమ్మెలు పెట్టారు. బాల్టిమోర్‌లో ఓడలు అంతకంతకు పెరిగినా స్తంభాలకు ఆ కాపు దొరకలేదు. ఈ విషయంలో మావయ్యతో నేనూ ఏకీభవిస్తాను.

అయితే నేను చెప్పేది వేరు, అది నీకు మాత్రమే రాయదగిన సంగతి. డాలీలో మొదట కరెంటు పోవడానికి కారణం ఒక తీగ. తీగకు తొడిగిన లేబుల్ కొసదాకా జరిగి ఉండడంతో దాని మొన, తీగలను కలిపే టెర్మినల్ బ్లాకులోని స్ప్రింగు పట్టులోకి పూర్తిగా దిగలేదు. చూసేవాడికి బిగిసినట్టే ఉంటుంది. అది ఎప్పుడో వదులై ట్రాన్స్‌ఫార్మర్ బ్రేకర్ తెరుచుకుని కరెంటు తెగింది, నీళ్ళ పంపులు ఆగాయి, మెయిన్ ఇంజను తనంతట తాను నిలిచిపోయింది. వాళ్ళు కరెంటు తిరిగి తెచ్చారు, కాని జనరేటర్లకు ఇంధనం అందించే పనికి తగని పంపును వాడుతుండడం వల్ల అది మళ్ళీ పోయింది. ముందు రోజు రేవులో ఉండగా కూడా రెండుసార్లు దీపాలు ఆరాయి. ఆ కారణం వేరైనా, ఆ తరువాతనే వాళ్ళు స్విచ్‌బోర్డును ఈ వదులు తీగ ఉన్న వైపుకు మార్చారు. రేవులో పోయింది కదా, వచ్చింది కదా అని ఊరుకునే విషయమా అది?

నేను ఫోర్త్ ఇంజనీరుగా ఉన్నప్పుడు ఒక పాత ఓడలో, హుగ్లీ నదిలో డైమండ్ హార్బర్ దాటి పోటుతో పాటు పైకి పోతుండగా ఇలాగే జరిగింది. సరుకుతో నిండిన ఓడ, చీకటి రాత్రి, పైన పైలట్ ఉన్నాడు. ఇంజను గదిలో ఫ్యాన్ల హోరు ఒక్కసారిగా తెగిపోయింది. ఆ నిశ్శబ్దాన్ని విన్నవాడికి జీవితమంతా గుర్తుంటుంది. మా బత్తీ సాబ్, అంటే ఓడలో కరెంటు పని చూసే ఆఫీసరు, రత్నగిరి మనిషి, వయసు మీద పడినవాడు, మాట తక్కువ. ఆయన టార్చి పట్టుకుని జనరేటర్ బ్రేకరును మళ్ళీ వేశాడు, అది నిలవక తెరుచుకుంది. మళ్ళీ వేశాడు, మళ్ళీ తెరుచుకుంది. చీఫ్ ఇంజనీరు కేకలు వేస్తుంటే ఆయన పలకలేదు. బోర్డు వెనక్కి వెళ్ళి, తలుపు తెరిచి, వరుసలో ఒక్కొక్క తీగనూ రెండు వేళ్ళతో పట్టి మెల్లగా లాగుతూ పోయాడు. బ్రేకరును పట్టి ఉంచే కాయిల్ తీగ ఆయన వేళ్ళలోకే ఊడి వచ్చింది. ఈలోగా ముందు భాగంలో సారంగు, అంటే డెక్కు మీది నావికుల పెద్ద, లంగరు వదిలేశాడు, గొలుసు దడదడలాడుతూ పోయి ఓడను పోటుకు ఎదురుగా తిప్పి పట్టుకుంది. మేము నెమ్మదిగా పోతున్నాం గనుక లంగరు నిలిపింది. 1,12,000 టన్నులతో పోతున్న డాలీని ఒక లంగరు ఆపగలదని ఎలా అనుకుంటాం? మర్నాడు చీఫ్, బాగయింది కదా, ఓడలో జరిగినవన్నీ రాసే లాగుబుక్కులో అంత వివరంగా రాయడం ఎందుకన్నాడు. బత్తీ సాబ్ తలెత్తకుండా తీగ నెంబరు, టెర్మినల్ నెంబరు, సమయం అన్నీ రాసి సంతకం పెట్టాడు. తరువాతి రేవులో ఆ బోర్డు మొత్తం విప్పి చూసినప్పుడు మరి కొన్ని వదులు తీగలు దొరికాయి.

ఇప్పుడు ఆ ఉద్యోగం నీది. ఈటీఓ (ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్) అని పేరు మారినా పని అదే. లేబుల్ ఎక్కడ ఆగిందో చూడు, తీగను చేత్తో లాగి చూడు, వేడి చూపించే కెమెరా మీ ఓడలో లేకపోతే అడుగు. ఇవ్వకపోతే, అడిగినట్టు కాగితం మీద ఉంచు. పైవాళ్ళు చిన్న విషయమన్నా రాయవలసింది రాయి. ఉపన్యాసం ఇవ్వకూడదనే అనుకున్నాను తల్లీ. కాని డాలీలోని వాళ్ళలో అత్యధికులు మన దేశం పిల్లలే. వాళ్ళ ఫోన్లు విచారణ అధికారులు తీసుకున్నారు. మే 13న వంతెన ఉక్కును పేలుళ్ళతో తెగ్గొట్టినప్పుడు కూడా వాళ్ళు ఆ ఓడలోనే ఉన్నారు, మే 20న దాన్ని లాగుకుపోయేదాకా అక్కడే చిక్కుకుపోయారు. వాళ్ళ తల్లిదండ్రులు ఆ రోజులు ఎలా గడిపారో నేను ఊహించగలను. అందుకే నీ ఫోన్ రాకపోతే అమ్మకు చెప్పే సర్దుబాటు మాటలు నాకు సరిపోవడం లేదు.

బోర్డు దగ్గరికి వెళ్ళేటప్పుడు గడియారం, గాజులు తీసి పెట్టు. రబ్బరు తొడుగులకు చిల్లులున్నాయేమో గాలి నింపి చూసుకో. నైలాన్ బట్టలు వద్దు, నూలు బాయిలర్ సూటే వేసుకో. రాత్రి డ్యూటీ తరువాత టీతో సరిపెట్టుకోకుండా అన్నం తిను. అమ్మ ఇచ్చిన కందిపొడి డబ్బా ఇంకా తెరవలేదని నాకు అనుమానం. కళ్ళజోడు రెండోది కూడా దగ్గర ఉంచుకో.

ఇక ఆ రాత్రి మీ ఓడలో ఏ బ్రేకరు తెరుచుకుంది, ఎంతసేపట్లో ఎమర్జెన్సీ జనరేటర్ అందుకుంది, లాగుబుక్కులో ఏమని రాశారు, నువ్వు ఎక్కడ ఉన్నావు, ఇవన్నీ ఉన్నదున్నట్టు రాయి. మంచి మాటలు చుట్టి పంపనక్కరలేదు, నాకు అర్థమవుతుంది. వచ్చే గురువారం గుడిలో రాజ్యలక్ష్మి గారు మళ్ళీ అడుగుతారని అమ్మ భయపడుతోంది, ఆలోపే జవాబు వస్తే మేలు.

ఇట్లు,
మీ నాన్న