కీమో రోగుల ఇంజెక్షన్‌కు ఊళ్లోనే ఏర్పాటు కావాలి

క్యాన్సర్‌కు చేసే కీమోథెరపీ తరువాత తెల్ల రక్తకణాలు పడిపోకుండా ఇచ్చే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ కోనసీమ పల్లెల్లో రోగులకు సవ్యంగా అందడం లేదు. ఎముక మజ్జలో న్యూట్రోఫిల్ కణాల (సూక్ష్మక్రిములతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాల) ఉత్పత్తిని పెంచే ఈ మందును కీమో ముగిసిన 24 గంటలలోపు ఇవ్వకూడదు కనుక, కాకినాడలోనో విశాఖలోనో చికిత్స చేయించుకుని అదే రాత్రి ఇల్లు చేరిన రోగి మరునాటి నుంచి కొన్నాళ్లపాటు రోజుకొకటి చొప్పున దానిని ఊళ్లోనే వేయించుకోవలసి వస్తోంది. 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య, గడ్డకట్టనీయకుండా ఉంచవలసిన ఆ మందును మా బంధువు కోసం నేను థర్మాస్‌లో ఐసుముక్కల మధ్య పెట్టి బస్సులో తెచ్చాను. అది దారిలో గడ్డకట్టిందో, వేడెక్కిందో చెప్పగలవారు లేరు. పైగా ఆదివారం వేసేవారు దొరకక ఒక మోతాదు తప్పింది. న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరుకు 500 కంటే తగ్గినప్పుడు వచ్చే జ్వరం ప్రాణాంతకం కావచ్చు, కానీ మా వైపు దానికీ పారాసిటమాల్ బిళ్లే ఇస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే అత్యవసర మందుల జాబితాలో చేర్చిన ఈ ఇంజెక్షన్ కోసం ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (టీకాల ఫ్రిజ్‌లో ఇతర మందులు పెట్టరాదంటే) వేరొక చిన్న ఫ్రిజ్ ఏర్పాటు చేసి, సెలవు రోజుల్లో సైతం నర్సు చేత వేయించి, రక్తకణాల లెక్క అక్కడే చూసే బాధ్యతను జిల్లా వైద్యాధికారులు తీసుకోవాలి.

– ఒక పాఠకుడు, అమలాపురం