బ్యారెళ్ల నంబర్ పక్కన ఛాన్స్ ఎంతో కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

బిజినెస్ పేజీలో ఆయిల్ కంపెనీల వార్త వచ్చిందంటే హెడ్డింగులో ఒక పెద్ద నంబర్ ఉంటుంది, సముద్రంలో ఫలానా చోట ఇన్ని కోట్ల బ్యారెళ్లు అని. వార్త మొత్తం చదివినా ఆ నంబర్ ఏ రకందో మాత్రం దొరకదు. మీ పేపర్ ఒక్కటే కాదు లెండి, అందరిదీ అదే వరస. కానీ ఆ హెడ్డింగ్ చూసి మార్కెట్ ఓపెన్ అవగానే షేర్లు కొనేసే చిన్న ఇన్వెస్టర్లు బోలెడు మంది ఉన్నారు, అందుకే రాస్తున్నా.

బావి తవ్వకముందు కంపెనీ చెప్పే నంబర్‌ని ప్రాస్పెక్టివ్ రిసోర్సెస్ అంటారు. సైస్మిక్ సర్వే అంటే శబ్ద తరంగాలు పంపి వెనక్కొచ్చేవాటిని కొలిచి, సముద్రం అడుగున రాతి పొరలు ఏ షేపులో ఉన్నాయో చూసి, ఇక్కడ ఆయిల్ గనక ఉంటే ఇంత ఉండొచ్చు అని వేసే అంచనా అది, మొత్తం కథ ఆ "గనక"లోనే ఉంది. బావి తవ్వి నిజంగా ఆయిల్ తగిలాక కంటింజెంట్ రిసోర్సెస్ అవుతుంది, దాన్ని లాభానికి తీయగలం, ప్రాజెక్టు ముందుకెళ్తుంది అన్నాకే రిజర్వ్స్. మూడూ బ్యారెళ్లలోనే చెప్తారు కాబట్టి మామూలు మనిషికి మూడూ ఒకటే అనిపిస్తాయి. ఆస్ట్రేలియా స్టాక్ ఎక్స్ఛేంజ్ అయితే ప్రాస్పెక్టివ్ నంబర్ చెప్తే దాని పక్కనే ఇది ఇంకా కనుక్కోని ఆయిల్, దొరక్కపోయే రిస్కూ ఉంది, దొరికినా డెవలప్ కాకపోయే రిస్కూ ఉంది అని హెచ్చరిక వేయాల్సిందే అంటుంది. కంపెనీ కాగితంలో ఆ హెచ్చరిక ఉంటుంది కూడా, అది న్యూస్ అయ్యేసరికి నంబర్ మిగులుతుంది హెచ్చరిక ఎగిరిపోతుంది.

ఊరికే ఒక లెక్క వేసి చూద్దాం. 50 కోట్ల బ్యారెళ్లు అన్నారనుకోండి, సక్సెస్ ఛాన్స్ 20 శాతం అనుకుందాం (ఎవరూ తవ్వని కొత్త బేసిన్, అంటే ఆయిల్ ఉండే వీలున్న రాతి పొరల ప్రాంతం అయితే అంత కూడా ఉండకపోవచ్చు), కంపెనీ వాటా 30 శాతం, ఎందుకంటే డ్రిల్లింగ్ ఖర్చు మోయలేక మిగతాది ఫార్మ్ అవుట్ అని పెద్ద కంపెనీకి ఇచ్చేసి ఉంటుంది. వాటా తీస్తే 15 కోట్లు, ఛాన్స్ కూడా లెక్కేస్తే 3 కోట్లు. ఇంకో తమాషా ఏంటంటే ఆ 3 కోట్లు కూడా నేల కింద ఎక్కడా ఉండవు, అది యావరేజ్ మాత్రమే, బావి తవ్వాక ఆయిల్ తగిలితే ఆ 15కి దగ్గరగా ఏదో ఒకటి, తగలకపోతే సున్నా. ఐదు సార్లలో నాలుగు సార్లు సున్నా. హెడ్డింగ్ మాత్రం 50 కోట్లు!

2010లో దక్షిణ అట్లాంటిక్‌లో ఫాక్లాండ్ దీవుల దగ్గర జరిగింది గుర్తుంటే ఇదంతా చెప్పక్కర్లేదు. ఓషన్ గార్డియన్ అని ఒకే రిగ్ (సముద్రంలో బావి తవ్వే యంత్రం), నార్త్ ఫాక్లాండ్ బేసిన్ అని ఒకే బేసిన్, చిన్న కంపెనీల కోసం ఉన్న లండన్ ఎయిమ్ మార్కెట్లో లిస్టయిన రెండు చిన్న కంపెనీలు, డిజైర్ పెట్రోలియం, రాక్‌హాపర్. ముందు డిజైర్ లిజ్ అనే బావి తవ్వింది, మార్చిలో రిజల్ట్ వచ్చింది, ఆయిల్ ఆనవాళ్లున్నాయి గానీ రాయి క్వాలిటీ బాగోలేదన్నారు, షేర్ దారుణంగా పడింది. అదే రిగ్ వెళ్లి రాక్‌హాపర్‌కి సీ లయన్ అనే బావి తవ్వితే మేలో ఆయిల్ తగిలింది, షేర్ ఒక్కరోజులో రెట్టింపు దాటిపోయింది. డిజైర్ వాళ్లు డిసెంబర్ మొదట్లో రేచల్ నార్త్ బావిలో ఆయిల్ తగిలిందన్నట్టు ప్రకటన ఇచ్చారు, జనం ఎగబడి కొన్నారు, కొద్దిరోజులకే సారీ అది నీళ్లు అన్నారు. మళ్లీ షేర్ సగం దాకా పోయింది. బావిలోకి పరికరాలు దింపి తీసే రీడింగుల్ని లాగ్స్ అంటారు, వాటిలో కరెంటుకి రాయి ఎంత అడ్డుపడుతుందో చూస్తారు, ఉప్పునీళ్లుంటే తక్కువ, ఆయిల్ ఉంటే ఎక్కువ, అయితే మంచినీళ్లున్నా ఎక్కువే చూపిస్తుంది, అందుకే శాంపిల్ పైకొచ్చేదాకా ఏదీ ఖాయం కాదు. పోనీ గెలిచిన సీ లయన్ సంగతైనా చూడండి, 15 ఏళ్లు గడిచినా అక్కడి నుంచి అమ్మకానికి ఒక్క బ్యారెల్ రాలేదు. పెద్దవాళ్లకీ ఇదే గతి, కెయిర్న్ ఎనర్జీ 2010, 2011లో గ్రీన్‌లాండ్ దగ్గర 8 బావులు తవ్వి కమర్షియల్‌గా పనికొచ్చేది ఒక్కటీ కనుక్కోలేదు.

ఈ షేర్లు పట్టుకున్నవాళ్లని చూస్తే జాలేస్తుంది ఒక్కోసారి. రిగ్ ఎక్కడుందో షిప్ ట్రాకింగ్ మ్యాపులో రోజూ చూస్తుంటారు, సప్లై బోటు పోర్టు నుంచి బయల్దేరితే టెస్టింగ్ సామాన్లు పట్టుకెళ్తోంది అంటే ఆయిల్ తగిలినట్టే అని ఒకడంటాడు, రిజల్ట్ నాలుగు రోజులు లేటయితే లాగింగ్ ఇంకా చేస్తున్నారు మంచి సైనే అని ఇంకొకడు. ఆ బోటులో సిమెంటు ఉండొచ్చు, బావి మూసేయడానికి. వాతావరణం బాగోక లేటయి ఉండొచ్చు. ఆ బావిలో ఏముందో తెలిసినవాళ్లు రిగ్ మీదా కంపెనీ ఆఫీసులోనూ కొద్దిమందే ఉంటారు, వాళ్లు బయటికి చెప్పకూడదు, చెప్తే నేరం.

ప్రకటన భాష కూడా నేర్చుకోవాలి. "హైడ్రోకార్బన్స్ ఎన్‌కౌంటర్ అయ్యాయి" అని ఉండి, నెట్ పే (పనికొచ్చే ఆయిల్ ఉన్న రాతి పొర మందం) ఎన్ని మీటర్లో, ఫ్లో టెస్ట్ (ఆయిల్ ఎంత వేగంగా పైకొస్తుందో చూసే పరీక్ష) చేస్తారో లేదో చెప్పకపోతే సంబరపడాల్సింది పెద్దగా లేదు. "ప్లాన్ ప్రకారమే బావిని ప్లగ్ చేసి అబాండన్ చేస్తున్నాం" అన్నది చూసి భయపడక్కర్లేదు కూడా, ఆయిల్ తగిలిన ఎక్స్‌ప్లొరేషన్ బావిని కూడా చాలాసార్లు మూసేసే వస్తారు.

డబ్బు సంగతి ఒక్క మాట. ఇలాంటి చిన్న కంపెనీకి అమ్మడానికి ఆయిల్ ఉండదు, ఆదాయం ఉండదు, రిగ్ అద్దె రోజుకి లక్షల డాలర్లలో నడుస్తుంది. కాబట్టి తవ్వేముందు కొత్త షేర్లు జారీ చేస్తారు, మార్కెట్ రేటు కన్నా తక్కువకి, అవి ఎక్కువగా పెద్ద సంస్థలకే వెళ్తాయి. డ్రిల్లింగ్ దగ్గరపడేకొద్దీ న్యూస్ పెరిగి రేటు పెరిగినప్పుడు వాళ్లు అమ్ముకుంటారు, కొనేది ఎవరో వేరే చెప్పాలా. బావి ఫెయిలైన పొద్దున రేటు గ్యాప్ డౌన్‌తో, అంటే నిన్నటి కన్నా బాగా కింద ఓపెన్ అవుతుంది, ఇంత కన్నా పడితే అమ్మేయమని స్టాప్ లాస్ పెట్టుకున్నా ఆ రేటుకి కొనేవాడు ఉండడు.

కాబట్టి నేను అడిగేది చిన్నదే. బ్యారెళ్ల నంబర్ వేసిన లైన్లోనే అది ప్రాస్పెక్టివా కంటింజెంటా రిజర్వ్సా, సక్సెస్ ఛాన్స్ ఎంత, కంపెనీ వాటా ఎంత, ఈ మూడూ వేయండి. బావి డ్రై అయినప్పుడు, అంటే ఏమీ దొరకనప్పుడు, ఆ వార్త కూడా అదే పేజీలో అదే సైజులో వేయండి, ఇప్పుడైతే మూలన రెండు లైన్లు వస్తోంది. వీటికోసం మీ రిపోర్టర్ ఎవరినీ ఇంటర్వ్యూ చేయక్కర్లేదు, కంపెనీ ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చిన ప్రకటన చివరిదాకా చదివితే చాలావరకు అందులోనే ఉంటాయి, లేకపోతే "కంపెనీ చెప్పలేదు" అని వేయండి, చదివేవాళ్లకి అది కూడా న్యూసే.

ఇట్లు
మీ పాఠకుడు