ఊరివాళ్ల చేతి అన్నం తినలేని సైన్యం: విదేశాంగ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విదేశాంగ శాఖ మంత్రి శ్రీ జైశంకర్ గారికి,

వరంగల్ శివనగర్ నుంచి నమస్కారాలతో రాస్తున్నాను.

మా మేనమామది జగిత్యాల దగ్గర పల్లె. 2004 మొదట్లో కువైట్‌లో వంట పని ఉందని ఒక ఏజెంట్ తీసుకుపోయాడు. దిగిన నెలకు తెలిసింది, పని ఇరాక్‌లోని అమెరికా సైనిక స్థావరం మెస్‌లో అని. రెండేళ్లు కూరగాయలు తరిగి, గిన్నెలు కడిగి ఇంటికొచ్చాడు. ఇప్పటికీ ఆ ముచ్చట తీస్తే ఒకటే చెబుతాడు. "నీళ్ల సీసాలు, కోడిగుడ్లు, ఆఖరికి ఐసుగడ్డ గూడ కువైట్ నుంచి లారీల్ల వస్తుండె బిడ్డా. గోడ అవతలనే ఊరుండె. ఆ ఊరోళ్లను మాత్రం వంటింట్లకు రానియ్యకపోతుండిరి. విషం కలుపుతరని, బాంబు పెడ్తరని భయం. గందుకే మమ్ముల తోల్కపోయిండ్రు."

అదే ఏడాది డిసెంబర్‌లో మోసుల్ స్థావరంలో భోజనాల డేరాలోనే ఆత్మాహుతి దాడి జరిగి 20 మందికి పైగా చనిపోయారు. వాళ్ల భయం ఉత్తది కాదు. కానీ ఆలోచించండి సార్, తాను కాపాడడానికి వచ్చానని చెప్పే ఊరివాళ్ల చేతి అన్నం తినడానికి కూడా ధైర్యం లేని సైన్యం, ఆ ఊరిని ఎన్నాళ్లు ఏలుతుంది? పరాయి సైన్యం ఒక దేశాన్ని పట్టుకుని నిలబడగలదా అని ఎవరైనా అడిగితే నాకు ముందు మా మామ చెప్పిన ఆ ఐసుగడ్డే గుర్తొస్తుంది.

మా ఇంటి నుంచి కాస్త నడిస్తే ఖిల్లా. 1323లో ఢిల్లీ సైన్యం ఈ కోటను పట్టుకుని, ప్రతాపరుద్రుణ్ని బందీగా తీసుకుపోతే ఆయన దారిలోనే, నర్మద దగ్గర కన్నుమూశాడు. ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు మార్చి, ఆ పేరుతో నాణేలు కూడా ముద్రించారు. 1336 ప్రాంతానికి ముసునూరి కాపయ నాయకుడు కోటను తిరిగి పట్టుకున్నాడు. అంటే 13 ఏళ్లు. సుల్తాన్‌పూర్ అంటే ఈరోజు ఇక్కడి ఆటో డ్రైవర్‌కు తెలియదు. ఢిల్లీ తరఫున కోటను ఏలిన మాలిక్ మక్బూల్ ఈ గడ్డ మీద పుట్టినవాడే అంటారు, అయినా ఆయన ఢిల్లీ పారిపోవాల్సి వచ్చింది. 2021 ఆగస్టు 15న కాబూల్ వదిలి వెళ్లిపోయిన అఫ్గాన్ అధ్యక్షుణ్ని టీవీలో చూసినప్పుడు నాకు మా కోటే కళ్లముందు మెదిలింది. స్థానికుణ్ని గద్దె మీద కూర్చోబెట్టినంత మాత్రాన జనం అతన్ని తమవాడు అనుకోరు.

అయితే తర్వాత వచ్చిన కుతుబ్‌షాహీల సంగతేమిటని మీరు అడగవచ్చు. వాళ్లూ బయటి నుంచి వచ్చినవాళ్లే, కానీ ఇక్కడే ఉండిపోయారు. ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవులను ఆదరిస్తే వాళ్లు ఆయన్ని మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. అలాంటి పేరు జనం నోట పుట్టాలి. ఎక్కడ ఖననం కావాలో కూడా ఇక్కడే చూసుకున్నవాడికి అది దక్కింది. ఏడాదికో, రెండేళ్లకో డ్యూటీ మారి విమానం ఎక్కే సైనికుడికి అది ఎలా దక్కుతుంది?

జపాన్‌ను చూపించి ఇంకొందరు వాదిస్తారు. 1945 నుంచి 1952 వరకు అమెరికా అక్కడ కూర్చుంది, దేశం బాగుపడింది కదా అని. నిజమే. కానీ అక్కడ చక్రవర్తిని ఉంచారు, పాత ఉద్యోగులతోనే పాలన నడిపించారు, భూస్వాముల భూమి కొని కౌలుదార్లకు చవకగా అమ్మారు. అదే ఏళ్లలో మన దగ్గర భూమి కోసం రైతులు తుపాకీ పట్టారు, కాబట్టి ఆ ఒక్క పని విలువ ఏమిటో తెలంగాణవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇరాక్‌లో జరిగింది దీనికి తలకిందులు. 2003 మే నెలలో ఒక్క ఉత్తర్వుతో సైన్యాన్నే రద్దు చేసి, చేతిలో ఆయుధం ఉండి జీతం లేని లక్షల మందిని రోడ్డు మీద వదిలేశారు.

ఇవన్నీ మీకు నేను చెప్పాలా? 1988 నుంచి 1990 దాకా మీరు కొలంబోలో ఫస్ట్ సెక్రటరీగా, శ్రీలంకకు పోయిన మన శాంతి దళానికి రాజకీయ సలహాదారుగా ఉన్నారు. ఆ దళంలో ముందుగా వెళ్లింది మన సికింద్రాబాద్‌లో ఉండే 54వ డివిజన్. 1987 జూలై ఒప్పందం తర్వాత మనవాళ్లు జాఫ్నాలో దిగితే తమిళ జనం దండలు వేసి ఎదురొచ్చారు. అక్టోబర్‌కల్లా అదే వీధుల్లో తమిళ పులులతో యుద్ధం. ఆ నెలలోనే జాఫ్నా ఆసుపత్రిలో మన సైన్యం కాల్పులకు డాక్టర్లు, నర్సులు, రోగులు చనిపోయారు. మనం ఎవరిని కాపాడటానికి వెళ్లామో వాళ్లే మనల్ని పరాయివాళ్లుగా చూశారు. మనల్ని రమ్మన్న ప్రభుత్వం మారి, కొత్త అధ్యక్షుడు ప్రేమదాస వెళ్లిపొమ్మన్నాడు. దాదాపు 1,200 మంది జవాన్లను పోగొట్టుకుని 1990 మార్చిలో తిరిగొస్తే, మద్రాసులో స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి కరుణానిధి రాలేదు. ఆ జవాన్ల తప్పేముంది సార్? వాళ్లను పంపిన నిర్ణయంలో ఉంది తప్పు.

అదే సైన్యం, 1971లో. డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయింది. 1972 మార్చి నడిమికి మనవాళ్లు బంగ్లాదేశ్ ఖాళీ చేశారు. మూడు నెలలు! ముజీబ్ అడిగారు, ఇందిర ఒప్పుకున్నారు. ఇంకో రెండేళ్లు ఉండి ఉంటే ఆ దండలు కూడా వాడిపోయేవని నా నమ్మకం.

వెళ్లగొట్టినవాళ్లంతా మంచివాళ్లని నేను అనడం లేదు. అఫ్గానిస్తాన్‌లో ఈరోజు ఆరో తరగతి దాటిన ఆడపిల్లకు బడి లేదు. బడికి పోయే ఆడపిల్లలున్న ఇంట్లో కూర్చుని రాస్తున్నాను కాబట్టి ఆ వార్త నాకు గొంతులో ముల్లులా ఉంటుంది. కానీ 20 ఏళ్లు, 2,400 మందికి పైగా అమెరికా సైనికుల ప్రాణాలు ఖర్చయ్యాక కూడా ఆ బడి తలుపు తెరిచి ఉంచలేకపోయారంటే, తుపాకీతో ఆ పని కాదని ఇంకెవరు రుజువు చేయాలి?

ఇక నేను మిమ్మల్ని అడగదలుచుకున్నవి.

2003 జూలై 14న వాజ్‌పేయి ప్రభుత్వం ఇరాక్‌కు మన సైన్యాన్ని పంపబోమని అమెరికాకు చెప్పింది. అప్పుడు ఎంత ఒత్తిడి ఉందో మీకు తెలుసు. ఆ మాట వల్ల ఎన్ని ఇళ్లలో దీపం ఆరకుండా ఉందో లెక్కపెట్టలేం. ఆ తెగువ ఇప్పుడు ఐక్యరాజ్యసమితిలో కనిపించడం లేదు. ఉక్రెయిన్ నాలుగు ప్రాంతాలను రష్యా కలిపేసుకుంటే, దాన్ని తప్పుపట్టే తీర్మానానికి 2022 అక్టోబర్‌లో మనం ఓటు వేయలేదు. పాలస్తీనాలో ఇజ్రాయెల్ ఆక్రమణ చట్టవిరుద్ధమని 2024 జూలైలో అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పాక, సెప్టెంబర్‌లో సర్వసభ్య సభ తీర్మానం పెడితే 124 దేశాలు అవునన్నాయి, మనం అప్పుడూ తటస్థమే. ఆయిల్ ఉంది, ఆయుధాలు ఉన్నాయి, మీ ఇబ్బందులు మీకు ఉంటాయి. కానీ ఇద్దరి విషయంలోనూ ఒకే మాట చెప్తే మనల్ని పక్షపాతం అని ఎవరూ అనలేరు. ఇద్దరి విషయంలోనూ మౌనంగా ఉంటే రేపు మన సరిహద్దు గురించి మాట్లాడినప్పుడు వినేదెవరు?

రెండోది మా ఇళ్లలోకి వచ్చిన సంగతి. 2023 అక్టోబర్ 7 దాడి తర్వాత ఇజ్రాయెల్ పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేసింది. ఆ ఖాళీల్లో మనవాళ్లను పెట్టుకుంటోంది. 2024లో హైదరాబాద్‌లో కూడా సెంట్రింగ్, రాడ్‌బెండింగ్, ప్లాస్టరింగ్, టైల్స్ పనులకు సెలక్షన్లు జరిగాయి. నెలకు లక్ష దాటే జీతం అంటే మా దిక్కు పిల్లలు ఎందుకు పోరు? పోవద్దని చెప్పే నైతిక హక్కు నాకు లేదు, మా మామ సంపాదనతోనే మా అత్త కూతురి పెళ్లి జరిగింది. కానీ గోడ అవతలి మనిషిని నమ్మలేక జగిత్యాల మనిషిని తోలుకపోవడం మేము ఒకసారి చూశాం. రష్యాలో సహాయకుల ఉద్యోగమని నమ్మి వెళ్లి యుద్ధంలో చనిపోయిన హైదరాబాద్ యువకుణ్ని కూడా చూశాం.

అందుకే ఒక చిన్న కోరిక. ఇక మీదట యుద్ధం నడిచే దేశానికి మా పిల్లల్ని పంపేటప్పుడు, సంతకం పెట్టే కాగితం తెలుగులో ఇవ్వండి. జీతం, గంటలు, బీమాతో పాటు అందులో ఇంకో రెండు వరుసలు రాయించండి: పని చేసే చోటు ఎవరి అధీనంలో ఉంది, ఆ పని అంతకుముందు ఎవరు చేసేవారు. మా మామకు 2004లో ఆ రెండు వరుసలు ఎవరూ చదివి వినిపించలేదు.

భవదీయురాలు,
శివనగర్, వరంగల్